తిరుగుదారి: ఇంటి వెల్డింగ్ షెడ్డులో పుట్టే విద్యుత్ రొద

(విజయవాడ ఆటోనగర్ సమీపంలో, ఇంటి దగ్గర చిన్న వర్క్‌షాపులు నడుపుకునేవారి కోసం జరిగిన సాయంకాల సభలో ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవారిలో సగం మందికి ఆటోనగర్‌లోనే షెడ్డు ఉందని, మిగతా సగం మంది ఇంటి వెనక రేకుల కింద ఒక చిన్న వెల్డింగ్ మిషను పెట్టుకుని గేట్లు, గ్రిల్స్, కూలర్ స్టాండ్లు చేసుకునేవారని నిర్వాహకులు చెప్పారు. నేను ఆ రెండో సగానికి చెందినవాణ్ని. ముప్ఫై ఏళ్లకు పైగా పిల్లలకు ఎలక్ట్రికల్ పాఠాలు చెప్పి రిటైరైన తరువాత, పటమటలో మా ఇంటి పెరట్లో పది అడుగుల షెడ్డు వేసుకుని, అంతకాలం నల్లబల్ల మీద గీసిన బొమ్మలు నిజంగా ఎలా ప్రవర్తిస్తాయో అప్పుడు నేర్చుకోవడం మొదలుపెట్టాను. ఈ మాటలో కొంత సిగ్గు ఉంది. అది ఎందుకో చెబుతాను.

మా ప్రహరీ గోడకు అవతల ఒక మామ్మగారు ఉండేవారు. తెల్లవారి విజయవాడ రేడియోలో భక్తిరంజని వినకపోతే ఆవిడకు కాఫీ దిగేది కాదు. ఒక ఆదివారం పొద్దున్నే నేను గేటుకు కమ్మీలు అతుకుతుంటే, ఆవిడ గోడ మీదుగా తొంగిచూసి, “మాష్టారూ, మీరు నిప్పులు చిమ్మినప్పుడల్లా మా రేడియోకి పూనకం వస్తోందండీ” అన్నారు. నేను నొచ్చుకుని, వెల్డింగ్ రాడ్ పక్కన పెట్టి, కాసేపు ఆగుతానని చెప్పాను. పది నిమిషాల తరువాత ఆవిడే మళ్లీ వచ్చి, “ఆపానన్నారు కదా, అది ఇంకా ఈల వేస్తూనే ఉంది” అన్నారు.

రాడ్ ముట్టించకుండానే రేడియో ఈల వేయడమేమిటో నాకు ఆ క్షణాన అర్థం కాలేదు. దాన్ని ఛేదించడానికి దాదాపు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల్లో నాకు పట్టుబడిన విషయం ఒక్కటే. మనం కరెంటు ఎటు పోతోందో చూస్తాం గానీ, అది ఏ దారిన తిరిగి వస్తోందో చూడం. బయలుదేరిన ప్రతి ఆంపియరూ తిరిగి మొదటి చోటికి చేరాల్సిందే. మనం దానికి దగ్గర దారి వేయకపోతే అది తనంతట తాను ఒక దూరపు దారి వెతుక్కుంటుంది; ఆ దూరపు దారిలో పక్కింటి రేడియో, ఎదురింటి కెమెరా, మన డ్రిల్లింగ్ మిషను ఎర్త్ వైరు అన్నీ తగులుతాయి. ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ తిరుగుదారి గురించే.

ముందు నిప్పురవ్వ సంగతి చూద్దాం. రేడియో పుట్టిందే నిప్పురవ్వలోంచి. 1887 ప్రాంతంలో జర్మనీలోని కార్ల్స్‌రూహేలో శాస్త్రవేత్త హెర్ట్జ్ విద్యుదయస్కాంత తరంగాలు ఉన్నాయని నిరూపించినప్పుడు ఆయన చేతిలో ఉన్న ప్రసార సాధనం రెండు లోహపు గుండ్ల మధ్య దూకే రవ్వ. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ ఆ తరంగాలతోనే దూరాన గంట మోగించి, మందుగుండు పేల్చి చూపించారు. ఆ తరువాత పాతికేళ్లకు పైగా ఓడల మీద వైర్‌లెస్ అంటే ఎక్కువగా రవ్వ ట్రాన్స్‌మిటరే. దాన్ని ఎందుకు మానేశారంటే, రవ్వకు ఒక్క చోట మాట్లాడడం చేతకాదు, అది రేడియో పట్టీ అంతటా ఒకేసారి అరుస్తుంది, పక్కవాడి మాట వినపడనివ్వదు. 1927 వాషింగ్టన్ అంతర్జాతీయ సమావేశం తరువాత వాటిని క్రమంగా తొలగించారు. ప్రపంచమంతా కూడి మాన్పించిన ఆ యంత్రానికి చిన్న తమ్ముణ్ని మనం పెరట్లో పెట్టుకుని, పక్కింటివారు ఎందుకు విసుక్కుంటున్నారని ఆశ్చర్యపోతున్నాం.

అయితే అన్ని వెల్డింగ్ మిషన్లూ ఒకే రకంగా అల్లరి చేయవు. పాత ట్రాన్స్‌ఫార్మర్ మిషను, అంటే ఆటోనగర్‌లో రెండు ఫేజుల మధ్య 415 వోల్టులకు తగిలించి, చక్రాల మీద తోసుకుంటూ తిప్పే ఆ బరువైన పెట్టె, రేడియోకి పెద్ద శత్రువు కాదు. రాడ్ ముట్టించినప్పుడూ, కరిగిన చుక్క తెగి పడేటప్పుడూ కాస్త గరగర వస్తుంది; రాడ్ తీస్తే నిశ్శబ్దం. దాని దోషం వేరు. అది లైను మీద ఒక్కసారిగా పడే బరువు.

టిగ్ మిషన్లలో, అంటే కరగని టంగ్‌స్టన్ కడ్డీతో అతికేవాటిలో, ముఖ్యంగా అల్యూమినియం అతికేవాటిలో, కడ్డీ తాకించకుండానే ఆర్క్, అంటే అతుకు దగ్గర మండే విద్యుత్ మంట, ముట్టించడానికి కొన్ని వేల వోల్టుల హై ఫ్రీక్వెన్సీ రవ్వను పంపుతారు. అది అక్షరాలా రవ్వ ట్రాన్స్‌మిటరే. పైగా టార్చ్ కేబులు దానికి ఏరియల్‌గా పనిచేస్తుంది. కొన్ని ప్లాస్మా కటింగ్ మిషన్లలోనూ ఇదే పద్ధతి ఉంది. ఇళ్ల మధ్య టిగ్ పని చేయాల్సి వస్తే, ఇనుముకూ స్టీలుకూ, తాకించి ఎత్తి ముట్టించే లిఫ్ట్ పద్ధతి ఉన్న మిషను తీసుకోవడం మేలు. ఈ ఒక్క ఎంపికతో పక్కింటి గొడవల్లో చాలా భాగం పుట్టకుండానే పోతాయి.

ఇక మూడోది, ఈరోజు మన అందరి ఇళ్లలోనూ ఉన్నది, భుజానికి తగిలించుకునే ఇన్వర్టర్ మిషను. మామ్మగారి రేడియోలో ఈల వేసింది అదే. ఆ పెట్టె ముందుగా మన 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చి సుమారు 325 వోల్టులు నిలవ చేసుకుంటుంది. తరువాత ఐజీబీటీలనే ఎలక్ట్రానిక్ స్విచ్చులు ఆ వోల్టేజీని సెకనుకు కొన్ని పదుల వేల సార్లు తెంపుతూ కలుపుతూ ఉంటాయి. అంత వేగంగా తెంపుతుంది గనుకనే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ గుప్పెడంత సరిపోతోంది. అందుకే మిషను ఏడెనిమిది కిలోలకు దిగింది. మనం మెచ్చుకునే ఆ తేలికతనమే అవతలివారికి రొద అయింది.

నా మిషను 40 కిలోహెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 40 వేల సార్లు, తెంపుతుందని అనుకోండి. చదరంగా తెగే ఆ తరంగంలో 40 ఒక్కటే ఉండదు, దాని రెట్లన్నీ, 80, 120, 160 అలా రేడియో పట్టీ పొడవునా నిచ్చెన మెట్లలాగా ఉంటాయి. 21వ మెట్టు 840 కిలోహెర్ట్జ్. మన విజయవాడ కేంద్రం మీడియం వేవ్‌లో ప్రసారం చేసేది 837 మీద. తేడా 3 కిలోహెర్ట్జ్. ఆ తేడా రేడియో స్పీకరులో సన్నటి ఈలగా వినిపిస్తుంది. ఇంకా ముఖ్యమైన సంగతి, చాలా ఇన్వర్టర్ మిషన్లు రాడ్ చివర 60, 70 వోల్టులు సిద్ధంగా ఉంచడం కోసం, మనం అతుకుతున్నా అతక్కపోయినా, స్విచ్ వేసి ఉన్నంతసేపూ తెంపుతూనే ఉంటాయి. నేను రాడ్ పక్కన పెట్టాను గానీ స్విచ్ కట్టలేదు. మామ్మగారి చెవి నా ముప్ఫై ఏళ్ల చదువు కంటే చురుగ్గా ఉంది.

అందుచేత ఖర్చులేని మొదటి చికిత్స, అతుకు అయ్యాక, మిషను చల్లబడడానికి రెండు మూడు నిమిషాలు ఫ్యాను తిరగనిచ్చి, స్విచ్ కట్టేయడం. కమ్మీ కొలుస్తూ, కోస్తూ, టీ తాగుతూ గంటసేపు మిషను వేసి ఉంచే అలవాటు మనలో చాలామందికి ఉంది.

ఇప్పుడు ఫిర్యాదుల సంగతికి వద్దాం. “మీ వెల్డింగ్ వల్ల మాకు ఇబ్బందిగా ఉంది” అని పక్కింటివారు అన్నప్పుడు ఆ ఇబ్బంది రెండింటిలో ఏదో ముందు తేల్చుకోవాలి. లైట్లు మసకబారడం ఒకటి, రేడియోలోనో కెమెరాలోనో రొద రావడం ఇంకొకటి. ఈ రెండింటికీ కారణాలు వేరు, మందులు వేరు. ఒకదాని మందు ఇంకొకదానికి వేసి డబ్బు తగలేసుకున్నవారిని చాలామందిని చూశాను. ఆ వరసలో నేనూ ఉన్నాను.

మసకబారడం లెక్కల విషయం. 3.15 మిల్లీమీటర్ల రాడ్‌తో 100 ఆంపియర్ల దగ్గర అతుకుతున్నామనుకుందాం. ఆర్క్ మీద సుమారు 24 వోల్టులు ఉంటాయి కాబట్టి అక్కడ ఖర్చయ్యేది 2400 వాట్లు. మిషను సామర్థ్యం నూటికి 80 అనుకుంటే లైను నుంచి లాగేది 3000 వాట్లు. అయితే చిన్న ఇన్వర్టర్ మిషన్లు కరెంటును సాఫీగా లాగవు. తరంగం శిఖరానికి వచ్చినప్పుడు మాత్రమే గుక్కలు గుక్కలుగా లాగుతాయి. పవర్ ఫ్యాక్టర్, అంటే లైను మోసేదానిలో నిజంగా పనికొచ్చే వంతు, 0.65 దగ్గర ఉంటుందనుకుంటే లైనులో నడిచేది దాదాపు 20 ఆంపియర్లు. ఈ 20 ఆంపియర్లను మీరు 30 మీటర్ల ఎక్స్‌టెన్షన్ వైరు మీద తెచ్చుకుంటున్నారు. పోవడం 30, రావడం 30, మొత్తం 60 మీటర్ల రాగి. అది 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరైతే దారిలోనే సుమారు 9 వోల్టులు పోతాయి. 4 చదరపు మిల్లీమీటర్లదైతే ఐదున్నర. ఇంట్లో ఇస్త్రీపెట్టె కోసం కొన్న 1 చదరపు మిల్లీమీటరు వైరైతే 22. ఆ 22 వోల్టులు వేడిగా మారుతున్నది మీరు చుట్ట చుట్టి నేల మీద పడేసిన ఆ వైరులోనే. రోహిణి కార్తెలో, రేకుల షెడ్డులో, చుట్టగా ఉన్న వైరు ఎంత వేడెక్కుతుందో చేయి పెట్టి చూసినవారికి నేను చెప్పనక్కరలేదు.

ఎక్స్‌టెన్షన్‌లో పోయిన వోల్టులు మీ మిషనుకు మాత్రమే నష్టం. స్తంభం నుంచి మీ మీటరు దాకా వచ్చే సర్వీసు వైరులో పోయినవి మీ ఇంటి లైట్లన్నిటికీ నష్టం. వీధి లైనులో, ట్రాన్స్‌ఫార్మరులో పోయినవి వీధి అంతటికీ నష్టం. కాబట్టి మనిషిని ఒకచోట నిలబెట్టి చూస్తే జబ్బు ఎక్కడుందో తెలిసిపోతుంది. మీ ఇంట్లో లైట్లు మసకబారి పక్కింట్లో స్థిరంగా ఉంటే లోపం మీ సర్వీసు వైరులోనో, మీటరు దగ్గరి బిగింపుల్లోనో ఉంది. రెండిళ్లలోనూ కొట్టుకుంటే లైను మీద బరువు ఎక్కువైంది. కరెంటు తగ్గించి, సన్న రాడ్ వాడి, లేదా మూడు ఫేజుల కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టి పని చేసుకోవాలి.

మూడు ఫేజుల కనెక్షన్ ఉన్న ఇంట్లో మాత్రం ఒక్క విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి. మీరు రాడ్ ముట్టించినప్పుడు ఇంట్లో కొన్ని లైట్లు మసకబారి, మరికొన్ని మామూలు కంటే ఎక్కువగా వెలిగితే, ఆ క్షణాన పని ఆపి మెయిన్ దించేయండి. అది న్యూట్రల్ ఎక్కడో వదులైందనడానికి గుర్తు. తిరుగుదారి తెగబోతోందన్నమాట. అది పూర్తిగా తెగితే కొన్ని గదుల్లో 230కి బదులు 300 దాటిన వోల్టులు వచ్చి, ఫ్రిజ్జూ టీవీ ఒకేసారి కాలిపోతాయి. దీన్ని వెల్డింగ్ మిషను తప్పుగా చెప్పుకుంటారు గానీ, మిషను ఇక్కడ నేరస్థుడు కాదు, సాక్షి.

ఒక గదిలో ఎల్ఈడీ బల్బు కొట్టుకుంటుంటే, పక్క గదిలోది కదలకుండా వెలుగుతుండడం చూసి కొందరు వైరింగును అనుమానిస్తారు. చవక బల్బుల్లో వోల్టేజీ తగ్గితే వెలుగు కూడా వెంటనే తగ్గుతుంది. లోపల కరెంటును స్థిరంగా ఉంచే మంచి డ్రైవరు సర్క్యూటు ఉన్నవి 20, 30 వోల్టులు అటూ ఇటూ అయినా పట్టించుకోవు. మనిషి కన్నుకు అన్నిటికంటే చికాకు పుట్టించే వేగం సెకనుకు తొమ్మిది సార్ల దగ్గర ఉంటుంది. చదువుకునే పిల్లలున్న ఇంట్లో బల్బు మార్చడమే అన్నిటికంటే చవక మందు.

రొద సంగతి అంత తేలిక కాదు. ఇక్కడే నేను రెండు నెలలు తడబడ్డాను, ఇక్కడే మీతో ఎక్కువసేపు ఆగుతాను.

మొదట ఏం చేశానంటే, గవర్నరుపేటకు వెళ్లి ప్లగ్గు ముందు పెట్టే ఒక ఫిల్టరు పెట్టె కొన్నాను. ఏ తేడా లేదు. ఫిల్టరు చెడ్డది కాదు. ఫిల్టరు చేసే పని రొదను మాయం చేయడం కాదు, దాన్ని ఎర్త్ వైరులోకి తోసి, పుట్టిన చోటికి దగ్గర దారిన పంపించడం. మా షెడ్డులో ఎర్త్ లేదు. నేను వాడిన ఎక్స్‌టెన్షన్ పెట్టెకు మూడు కన్నాలున్నాయి గానీ, దాని వైరులో ఉన్నవి రెండే తీగలు. మూడో కన్నం అలంకారం. మురుగు కాలువ లేని చోట తూము కట్టినట్టుగా అయింది నా పని.

ఆ రోజుల్లోనే మిషను పెట్టెను చెమట చేత్తో తాకితే వేళ్లకు జిల్లుమని తగిలేది. వానకాలమని సరిపెట్టుకున్నాను. నిజానికి అది కూడా అదే కథ. మిషను లోపల ఫేజు నుంచి పెట్టెకూ, న్యూట్రల్ నుంచి పెట్టెకూ చెరొక చిన్న కెపాసిటరు ఉంటుంది, రొదను ఎర్త్‌కు దించడానికి. ఎర్త్ లేకపోతే ఆ రెండు కెపాసిటర్ల మధ్య పెట్టె త్రిశంకు స్వర్గంలో వేలాడుతుంది. మీటరు పెట్టి చూస్తే 230లో సగం, సుమారు 115 వోల్టులు చూపిస్తుంది. ఒక్కో కెపాసిటరు 4.7 నానోఫారడ్ అయితే ఎర్త్‌కు పారే కరెంటు మిల్లీఆంపియరులో మూడో వంతు, కాబట్టి ప్రాణం తీయదు. కానీ జిల్లుమన్న మనిషి ఉలిక్కిపడి నిచ్చెన మీంచి పడితే అది వేరే సంగతి. పైగా లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజున అదే పెట్టె నిజంగానే ప్రాణం తీస్తుంది. ఆ జిల్లుమనడాన్ని “కొంచెం కరెంటు కొడుతుందిలే” అని నవ్వి వదిలేయకండి.

ఎర్త్ పిట్టు తవ్వించాను. దీనికి ఐఎస్ 3043 అనే ప్రమాణ పత్రం ఉంది. మన ఎలక్ట్రీషియన్లు దాన్ని చదవకపోయినా, గొయ్యి తీసి, జీఐ పైపు దింపి, చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి, ఎండాకాలం నీళ్లు పోయాలన్న పద్ధతి అందరికీ తెలుసు. తెలియనిదల్లా నీళ్లు పోయడం గుర్తుంచుకోవడమే. ఎర్త్ వచ్చిన రోజున జిల్లుమనడం పోయింది, ఫిల్టరు పనిలోకి వచ్చింది, మామ్మగారి రేడియోలో ఈల సగానికి సగం తగ్గింది. సగమే.

ఇక్కడ ఒక చిక్కు కూడా చెప్పాలి. ఎర్త్ పెట్టిన తరువాత కొందరి ఇళ్లలో ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్ పడిపోవడం మొదలవుతుంది. ఫేజులో పోయిన కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటుకూ తేడా 30 మిల్లీఆంపియర్లు చేరేలోపే తెంపడం దాని ఉద్యోగం. అంటే మన తిరుగుదారికి కాపలాదారు అదే. మిషను స్విచ్ వేసిన క్షణాన కెపాసిటర్ల గుండా ఎర్త్‌లోకి ఒక్క గుక్క పోతుంది. ఇంట్లో ఉన్న కంప్యూటరు, వాషింగ్ మిషను, ఫ్రిజ్జు ఇప్పటికే తలా కొంచెం కారుస్తూ ఉంటే, ఈ గుక్కతో కొలత నిండిపోతుంది. షెడ్డుకు విడిగా ఒక సర్క్యూటు, దానికి విడిగా ఒక ఆర్‌సీసీబీ పెట్టించుకుంటే సరిపోతుంది. ఆర్‌సీసీబీని తీసేసి నేరుగా కలుపుకోవడం మాత్రం, కుక్క మొరుగుతోందని కుక్కను అమ్మేసి తలుపు తెరిచి పడుకోవడం లాంటిది.

మిగిలిన సగం ఈల ఎక్కడి నుంచి వస్తోంది? దాన్ని పట్టుకోవడానికి ఖరీదైన పరికరమేదీ అక్కరలేదు. బ్యాటరీలతో నడిచే చిన్న మీడియం వేవ్ రేడియో చాలు. కేంద్రాలేవీ లేని చోటికి ముల్లు తిప్పి, శబ్దం పెంచి, షెడ్డు చుట్టూ నడవండి. మిషను నుంచి నాలుగు అడుగులు దూరం జరగగానే రొద తగ్గిపోతే అది పెట్టెలోంచి వస్తోంది. ఎంత దూరం నడిచినా గోడలోని వైరింగు దగ్గరకు వెళ్లినప్పుడల్లా పెరుగుతుంటే అది లైను వెంట ప్రయాణిస్తోంది. వెల్డింగ్ కేబుళ్ల దగ్గర పెరిగితే ఆ కేబుళ్లే ఏరియల్. ఇంకో మాట, మిషను పూర్తిగా కట్టేసినా రొద ఉంటే, మీ ఇంటి ఎల్ఈడీ బల్బులనూ, మేడ మీది సోలార్ ఇన్వర్టరునూ, ఫోను ఛార్జర్లనూ ఒక్కొక్కటిగా కట్టి చూడండి. ఊళ్లో ఏ రొద వచ్చినా వెల్డింగ్ అబ్బాయి మీదికే నెట్టడం న్యాయం కాదు.

మా షెడ్డులో రేడియో కేకలు పెట్టింది కేబుళ్ల దగ్గర. హోల్డరు కేబులు గది ఒక మూల నుంచి, ఎర్త్ క్లాంపు కేబులు ఇంకో మూల నుంచి వచ్చి గేటు దగ్గర కలుసుకునేవి. క్లాంపును షెడ్డు స్తంభానికి తగిలించి, ఆ స్తంభానికే బల్ల అతికి ఉంది కదా, పని జరుగుతుంది కదా అనుకునేవాణ్ని. పని జరిగింది, నిజమే. అయితే రెండు కేబుళ్ల మధ్య దాదాపు గదంత వైశాల్యమున్న ఉచ్చు ఏర్పడింది, కరెంటు ఆ ఉచ్చు చుట్టూ తిరుగుతోంది.

దీని బలం కంటికి కనిపించాలంటే ఒక దిక్సూచి తెచ్చుకోండి. డీసీ మిషనులో 100 ఆంపియర్లు పారుతున్న ఒంటరి కేబులుకు మీటరు దూరంలో అయస్కాంత క్షేత్రం 20 మైక్రోటెస్లాలు ఉంటుంది. మన ప్రాంతంలో భూమి క్షేత్రం సుమారు 40. ముల్లు స్పష్టంగా పక్కకు తిరుగుతుంది. ఇప్పుడు పోయే కేబులునూ వచ్చే కేబులునూ పక్కపక్కనే పెట్టి, అడుగుకొక చోట టేపు చుట్టి మళ్లీ చూడండి. మధ్య ఎడం 3 సెంటీమీటర్లే ఉంటే మీటరు దూరంలో క్షేత్రం 20 నుంచి 0.6కి పడిపోతుంది. ఒకటి పోయేది, ఒకటి వచ్చేది కాబట్టి దూరానికి ఒకదాన్ని ఒకటి రద్దు చేసుకుంటాయి. 30 రూపాయల టేపు చేసిన పని ఇది. మిగిలిపోయిన కేబులును చుట్టలు చుట్టి మిషను పక్కన పెట్టడం మాత్రం మానండి. మన చేత్తో మనం తయారు చేసిన కాయిల్ అది. పొడవు ఎక్కువైతే కోయించి పొట్టి చేసుకోవడమే ఉత్తమం.

క్లాంపు విషయంలో ఇంకో అనుభవం ఉంది. నా దగ్గర నేర్చుకోవడానికి వచ్చిన ఒక కుర్రాడు, బల్ల మీద డ్రిల్లింగ్ మిషను ఉండగానే, క్లాంపును సరిగ్గా కొరకని తుప్పు కమ్మీకి తగిలించి అతకడం మొదలుపెట్టాడు. ఐదు నిమిషాలకు ప్లాస్టిక్ కాలిన వాసన. డ్రిల్లింగ్ మిషను వైరులోని ఆకుపచ్చ ఎర్త్ తీగ తొడుగు కరిగిపోయింది. క్లాంపు దారి తుప్పుతో మూసుకుపోయింది కాబట్టి, వెల్డింగ్ కరెంటు డ్రిల్లింగ్ మిషను పెట్టెలోంచి, దాని ఎర్త్ తీగలోంచి, ఇంటి ఎర్త్ చుట్టూ తిరిగి మిషనుకు చేరింది. ఆ సన్నటి తీగ ఎన్ని ఆంపియర్లు మోస్తుంది పాపం. క్లాంపు ఎప్పుడూ అతుకుతున్న ముక్కకే, అతుకుకు వీలైనంత దగ్గరగా, రంగూ తుప్పూ గీకిన చోట ఉండాలి. బల్లకూ స్తంభానికీ కాదు.

కేబుళ్లు కలిపి కట్టిన తరువాత మామ్మగారి ఈల నాలుగో వంతుకు వచ్చింది. మిగిలినదాని కోసం ఫెరైట్ రింగులు, అంటే నల్లటి అయస్కాంత పదార్థంతో చేసిన రింగులు, కొన్నాను. మిషను పవర్ కార్డులోని ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడింటినీ కలిపి ఆ రింగులోంచి ఐదారు చుట్లు తిప్పాలి. ఒక్కసారి దూర్చి వదిలేస్తే ప్రయోజనం చాలా తక్కువ. చుట్లు రెట్టింపైతే అడ్డు నాలుగు రెట్లవుతుంది. మూడూ కలిసే పోవాలని ఎందుకంటున్నానంటే, పోయే కరెంటూ వచ్చే కరెంటూ సమానంగా ఉన్నంతవరకు రింగు ఏమీ అనదు. తిరుగుదారి తప్పి బయటినుంచి వస్తున్న భాగాన్ని మాత్రమే అది అడ్డుకుంటుంది. ఎదురింటి సీసీ కెమెరాలో గీతలు వస్తుంటే, ఇదే రింగును వారి కెమెరా కేబులుకు, డీవీఆర్ అనే రికార్డింగ్ పెట్టె దగ్గర తగిలించి చూడవచ్చు. కెమెరా కేబులును మన కరెంటు వైరుతో ఒకే పైపులో లాగి ఉంటే మాత్రం రింగులు ఎన్ని పెట్టినా దండగ, వేరు చేయాల్సిందే.

మిషను కొనేటప్పుడు దానితో వచ్చే చిన్న పుస్తకాన్ని ఎవరూ చదవరు. రేడియో అంతరాయాల మీద ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సంఘం సిస్పర్ 1934లో పారిస్‌లో మొదలైంది. దాని 11వ ప్రమాణమూ, వెల్డింగ్ మిషన్ల కోసం విడిగా ఉన్న ఐఈసీ 60974 అనే అంతర్జాతీయ ప్రమాణంలోని పదో భాగమూ పరికరాలను ఏ, బీ తరగతులుగా విభజిస్తాయి. మనం కొనే మిషన్లలో చాలావాటి పుస్తకంలో తరగతి ఏ అని ఉంటుంది. అది నాణ్యతకు గుర్తు అనుకుని ఒకాయన నాతో గర్వంగా చెప్పారు. దాని అర్థం వేరు. ఇళ్లకు కరెంటిచ్చే మామూలు లైను మీద, నివాస ప్రాంతాల్లో వాడడానికి ఉద్దేశించినది కాదు అని. ఇళ్ల మధ్య వాడదగినది బీ తరగతి.

వాహనాల మీద పనిచేసేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఒక మాట. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 కాలుష్య ప్రమాణపు బండ్లలో ఇంజినూ, పొగ గొట్టమూ కంప్యూటర్ల చేతిలో ఉన్నాయి. లారీ ఛాసిస్ మీద క్లాంపు ఒక చివర, అతుకు ఇంకో చివర పెడితే మధ్యలో ఉన్న ప్రతి సెన్సారు వైరూ తిరుగుదారిలో భాగమవుతుంది. కీ తీసి, బ్యాటరీ నెగెటివ్ ముందు విప్పి, తయారీదారు చెప్పిన చోట్ల ఈసీయూ, అంటే బండి కంప్యూటరు, కనెక్టర్లు ఊడదీసి, క్లాంపును అతుకు పక్కనే పెట్టండి. పాత బండ్ల మీద ముప్ఫై ఏళ్లు ఏమీ విప్పకుండా చేసిన చెయ్యే కదా అని కొత్త బండి మీద ధైర్యం చేయవద్దు.

గుండెకు పేస్‌మేకరు ఉన్నవారి విషయంలో నేను ఏ దూరమూ, ఏ ఆంపియర్లూ చెప్పను. పని మొదలుపెట్టే ముందు అడగండి. ఉందంటే, వారి డాక్టరు సరేననే దాకా వారిని షెడ్డు దగ్గరకు రానివ్వకండి. అడగడానికి మొహమాటపడితే అది మొహమాటం కాదు, పొరపాటు.

మామ్మగారి రేడియో సంగతి చెప్పి ముగిస్తాను. చివరకు మిగిలిన ఆ కాస్త ఈలను నేను పోగొట్టలేదు, ఆవిడే పోగొట్టారు. మీడియం వేవ్ రేడియోలో ఏరియల్ లోపలి ఫెరైట్ కడ్డీయే కాబట్టి, రేడియో నిలబెట్టిన దిక్కును బట్టి వినికిడి మారుతుందని ఆవిడతో మాటల్లో అన్నాను. మర్నాడు వెళ్లేసరికి రేడియో అలమారలో అడ్డంగా కాక గోడవైపు తిరిగి ఉంది. “ఇలా పెడితే మీరు వినపడటం లేదు, పాట ఒక్కటే వినపడుతోంది” అన్నారు. అయినా భక్తిరంజని అయ్యేదాకా నేను మిషను స్విచ్ వేసేవాణ్ని కాదు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. వెనక వరసలో టిగ్ మిషను గురించి చెయ్యెత్తిన బాబు ముందు అడగాలి.